గాలి వేగం ఒక్కటే చెబితే చాలదు, ఎటు నుంచి వీస్తుందో చెప్పండి: విశాఖ తీరం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖకు, విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రానికి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం)కు, విశాఖ జిల్లా యంత్రాంగానికి

అయ్యా, అమ్మా,

రుషికొండ, మంగమారిపేట, భీమిలి తీరాల్లో విండ్‌సర్ఫింగ్, కయాకింగ్, ప్యాడిల్ బోర్డింగ్ చేసేవాళ్లం, చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది చిన్న పని. ఇసుకలో నిలబడిన మనిషికి పనికొచ్చే గాలి సమాచారం రోజుకు రెండుసార్లు, తెలుగులో, ఏ బీచ్‌కు ఆ బీచ్‌గా ఇవ్వండి.

ఇప్పుడు సమాచారమే లేదని మేం అనడం లేదు. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి నౌకాస్ట్ (రాబోయే కొద్ది గంటల అంచనా) ఇస్తోంది. మత్స్యకారులకు వేరేగా హెచ్చరికలున్నాయి. ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఉబ్బుఅలల (దూర సముద్రంలో పుట్టి వచ్చే అలల) రాక ముందే చెబుతోంది. రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తున్నారు. ఇవన్నీ నడిసముద్రంలో పడవ కోసమో, జిల్లా మొత్తం కోసమో తయారైనవి. గాలి విషయంలో వీటన్నిటికీ ప్రధానమైన కొలత వేగమే. ‘గంటకు 45 నుంచి 55 కి.మీ., అప్పుడప్పుడు 65 కి.మీ. వేగంతో ఈదురుగాలులు’ అని టీవీలో వచ్చిన రోజున బోర్డు పట్టుకుని నీళ్లలోకి దిగేవాళ్లు ఎలాగూ ఉండరు. ఒడ్డున ఆడుకునేవాళ్లను ప్రమాదంలోకి నెట్టేది ఆ గాలి కాదు. ఏ హెచ్చరికకూ అందని, గంటకు 22 కి.మీ. వేగంతో వీచే పడమటి గాలి.

ఎందుకో చెబుతాం. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే మన మొహం ఆగ్నేయానికి ఉంటుంది. ఆగ్నేయం గాలి ఎదురుగా వచ్చి మనల్ని ఒడ్డుకే నెడుతుంది. నైరుతి గాలి కుడిచేతి నుంచీ, ఈశాన్యం గాలి ఎడమచేతి నుంచీ తీరం వెంబడి వీస్తాయి. తెరచాపకు ఇవి మంచి గాలులు, వెళ్లిన దారినే తిరిగి రానిస్తాయి. పడమర, వాయవ్యం గాలులు వీపు మీద నుంచి వచ్చి సముద్రంలోకి తోస్తాయి. మేం ఆఫ్‌షోర్ గాలి అనేది దీన్నే.

ఈ గాలికి ఒక మాయ ఉంది. కొండలు, భవనాలు అడ్డం ఉండటం వల్ల ఒడ్డు దగ్గర అది తెలియదు. నీళ్లు చెరువులా కనిపిస్తాయి, కెరటాలు కూడా అణిగి ఉంటాయి. పిల్లల్ని దింపడానికి ఇంతకన్నా మంచి రోజు ఉండదని అందరికీ అనిపిస్తుంది. రెండు, మూడు వందల మీటర్లు లోపలికి వెళ్లేసరికి కొండల చాటు అయిపోతుంది, గాలి నిండుగా తగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి గాలికి ఎదురు వెళ్లడం రాదు, గాలి తోసిన వైపే పోతాడు. గాలి నింపిన ప్యాడిల్ బోర్డు మీద నిలబడితే మన ఒళ్లే తెరచాప. గాలి వేగంలో పదో వంతు చొప్పున కొట్టుకుపోయినా, 12 నాట్ల (గంటకు 22 కి.మీ.) గాలిలో అరగంటకు కిలోమీటరు దాటిపోతాడు. అంత దూరంలో నీటి మీద ఉన్న ఒక తల లైఫ్‌గార్డు కంటికి ఆనదు. అదే మనిషి 18 నాట్ల ఆగ్నేయం గాలిలో పడితే పది గుక్కలు ఉప్పునీళ్లు మింగి ఒడ్డునే తేలతాడు. వేగం చూసి జెండా మార్చే పద్ధతిలో మొదటి రోజుకు పచ్చజెండా, రెండో రోజుకు ఎర్రజెండా పడుతుంది. ఎర్రజెండా ముందు పడాల్సింది మొదటి రోజుకు.

దీనికి ఇంకో ముడి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. మర పడవలు రేవులోనే ఉంటాయి. మిగతా రోజుల్లో బోర్డు మీద కొట్టుకుపోయే మనిషిని ముందుగా చూసేది, పైకి లాగేది దారిన పోయే వేట పడవే. పడమటి గాలి ఉధృతంగా ఉండే కాలమూ, వేసవి సెలవుల రద్దీ, సముద్రం మీద మర పడవలు లేని కాలమూ ఒకే రెండు నెలల్లో పడుతున్నాయి. అందుకే ఈ బులెటిన్‌ను వేసవి ముందు మొదలుపెట్టమంటున్నాం.

ఇక ఆ వేసవి గాలి సంగతి. మార్చి చివరి నుంచి విశాఖ మీద రెండు గాలులు పోటీ పడతాయి. లోపలి జిల్లాల నుంచి, ఒడిశా కొండల మీదుగా వచ్చే పొడి పడమటి గాలి ఒకటి. నేల వేడెక్కాక సముద్రం నుంచి లేచే చల్లగాలి ఇంకొకటి. పడమటి గాలి బలహీనంగా ఉన్న రోజున ఉదయం పది, పదకొండుకల్లా సముద్రపు గాలి ఒడ్డుకు చేరుతుంది. మధ్యాహ్నానికి దక్షిణానికో, నైరుతికో తిరిగి 15 నాట్ల దాకా పెరుగుతుంది, ఒక్కోరోజు 20 కూడా దాటుతుంది. ఈ తీరంలో తెరచాపకు ఏడాదిలో దొరికే మంచి గాలి ఇదే. పడమటి గాలి బలంగా ఉన్న రోజున చల్లగాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. ఊరు వడగాలితో ఉడికిపోతుంది, చల్లదనం కోసం జనమంతా బీచ్‌కు వస్తారు, అంటే సరిగ్గా ఆఫ్‌షోర్ గాలి రోజునే.

ఏ రోజు ఏ గాలి గెలుస్తుందో చెప్పడానికి కావలసిన వివరాలు మీ దగ్గరే ఉన్నాయి. విశాఖలో వాల్తేరులో ఒకటి, విమానాశ్రయంలో ఒకటి, రెండు చోట్ల ఉష్ణోగ్రత నమోదవుతుంది. మొదటిది సముద్రానికి దగ్గర, రెండోది కొండల వెనక. ఉదయం 11 గంటలకు వాల్తేరు 34, విమానాశ్రయం 39 చూపిస్తే చల్లగాలి ఒడ్డెక్కింది, ఇంకా లోపలికి చేరలేదని అర్థం. రెండూ 39 దగ్గర ఉండి గాలి పడమటి నుంచే వస్తుంటే ఆ పూట బీచ్ ఆఫ్‌షోర్‌లోనే ఉంది. విమానాశ్రయం నుంచి అరగంటకోసారి వచ్చే మెటార్ (విమానాల కోసం ఇచ్చే వాతావరణ నివేదిక)లో మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమను చెప్పే కొలత, కూడా ఉంటుంది. గాలి దక్షిణానికి తిరిగి, వేడి రెండు మూడు డిగ్రీలు దిగి, మంచుబిందు ఒక్కసారిగా పెరిగితే చల్లగాలి అక్కడికీ చేరినట్టే. మీ కేంద్రంలో కూర్చున్న వారికి ఇది పది నిమిషాల పని. ఆ పది నిమిషాల ఫలితం బీచ్‌కు చేరడం లేదు, అంతే.

సాయంత్రం కూడా ఒక గీత గీయాలి. పొద్దు వాలేసరికి చల్లగాలి పడిపోతుంది. కాసేపు స్తబ్ధత, తర్వాత నేల మీది గాలి వాయవ్యం నుంచి మొదలవుతుంది. ఐదున్నరకు కిలోమీటరు లోపల ఉన్న విండ్‌సర్ఫర్‌కు తిరిగి రావడానికి గాలి ఉండదు. చీకటి పడేసరికి ఉన్న గాలి లోపలికి తోస్తుంది. ‘గాలి ఇన్ని గంటలకు తగ్గుతుంది’ అన్న ఒక్క వాక్యం చాలు, ఐదుకల్లా ఒడ్డు చేరతాడు.

ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల గాలివానలు వస్తాయి. మధ్యాహ్నం అరకు, పాడేరు, కోరాపుట్ కొండల మీద మేఘాలు పెరిగి సాయంత్రానికి తూర్పుకు జరుగుతాయి. వాన కన్నా ముందు చల్లటి గాలి నేలను రాసుకుంటూ వస్తుంది. అప్పటి దాకా 10 నాట్ల దక్షిణ గాలి వీస్తున్న చోట రెండు మూడు నిమిషాల్లో 30 నాట్ల వాయవ్య గాలి మొదలవుతుంది. వేగం మూడింతలు, దిక్కు ఆఫ్‌షోర్. రాడార్‌లో ఈ మేఘాలు గంట, రెండు గంటల ముందే కనిపిస్తాయి, నౌకాస్ట్ కూడా వస్తుంది. కానీ అది జిల్లా పేరుతో వస్తుంది. అనకాపల్లి దాటిందా లేదా, ఒడ్డుకు చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నది లైఫ్‌గార్డుకు ఫోన్‌లో చేరాలి. మెరుపు కనబడిన 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. నీళ్లలో అందరికన్నా ఎత్తైన వస్తువు తెరచాపను నిలిపే కార్బన్ స్తంభమే కాబట్టి, మా ఆటగాళ్లు వెంటనే బయటికి రావాలి. ఆఖరి ఉరుము తర్వాత మరో 30 నిమిషాలు దిగకూడదు.

వర్షాకాలంలో అల్పపీడనం ఎక్కడుందన్నదే ముఖ్యం. వీపు గాలికి పెట్టి నిలబడితే మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. ఒడిశా, బెంగాల్ తీరం దగ్గర వాయవ్య బంగాళాఖాతంలో ఉంటే విశాఖకు పడమటి గాలులు విసురుగా వస్తాయి. ఆకాశం తేటగా ఉండి, ఒడ్డున నీళ్లు అణిగి, లోపల సముద్రం రేగుతుంది. మనకు ఆగ్నేయంగా పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో ఉంటే ఈశాన్య, తూర్పు గాలులు వస్తాయి, కెరటాలు ఒడ్డు మీదే విరుగుతాయి. మొదటిది చూడ్డానికి సాధువు, రెండోది చూస్తేనే భయం. ఒకటో నంబరు హెచ్చరిక పెట్టిన రోజున ఈ రెండిట్లో ఏదో కూడా చెప్పండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పెద్దగా చెప్పేది లేదు. పొద్దున వాయవ్యం, మధ్యాహ్నం తేలికపాటి ఈశాన్యం. నేర్చుకోవడానికి అదే కాలం, పొద్దున్నే దిగకపోతే చాలు.

అంకెలు ఇచ్చే పద్ధతి మీద కొన్ని మాటలు. గాలి వేగాన్ని నాట్లలోనూ కిలోమీటర్లలోనూ పక్కపక్కన రాయండి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కి.మీ. మెటార్ నాట్లలో వస్తుంది, మీ బులెటిన్లు కిలోమీటర్లలో, కొన్ని ఫోన్ యాప్‌లు సెకనుకు మీటర్లలో. ప్రమాణం రాయకుండా ‘8’ అంటే మీటర్ల లెక్కలో పదిహేనున్నర నాట్లు, హాయిగా తెరచాప ఎత్తే గాలి. కిలోమీటర్ల లెక్కలో నాలుగు నాట్లు, జెండా కూడా ఎగరదు.

సగటుతో పాటు విసురు, అంటే మధ్యమధ్యలో ఒక్కసారిగా పెరిగే గాలి వేగం, కూడా కావాలి. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 10 నాట్లు 15 అయితే తోపు రెండింతలు దాటుతుంది. 75 కిలోల మనిషి 14, 15 నాట్ల గాలికి సుమారు ఆరున్నర చదరపు మీటర్ల తెరచాప కడతాడు. సగటు 14, విసురు 18 అయితే ఆ రోజు పండగే. సగటు అదే 14 ఉండి విసురు 26 అయితే అతని చేతిలో పడే బలం దాదాపు మూడున్నర రెట్లు. అప్పటికి నాలుగున్నర చదరపు మీటర్ల తెరచాప ఉండాలి, నీళ్ల మధ్యలో మార్చుకోలేడు. సగటు ఒక్కటే చెబితే ఈ రెండు రోజులు ఒకేలా కనిపిస్తాయి. మెటార్‌ను నమ్ముకుందామంటే, విసురు సగటును 10 నాట్లు, ఆపైన మించితేనే అందులో రాస్తారు. 14 మీద 22 వరకు విసిరినా అక్కడ కనిపించదు.

దిక్కు విషయంలో ఒక చిక్కు ఉంది. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ దిక్కు పేరు పెడతాం. ప్రవాహానికి అది ఎటు పోతుందో ఆ దిక్కు పేరు పెడతారు. ‘ఈశాన్య గాలి, ఈశాన్య ప్రవాహం’ అని ఒకే వరసలో రాస్తే ఒకటి ఇటు, ఇంకొకటి అటు. వేసవి మొదట్లో మన తీరం వెంట ప్రవాహం ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య నైరుతికి సాగుతుంది కనుక ఈ తికమక నిజంగానే జరుగుతుంది. ‘ఎటు నుంచి’, ‘ఎటు వైపు’ అన్న మాటలు విడిగా రాసేయండి.

అలలకు ఎత్తుతో పాటు వ్యవధి, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం, కూడా చెప్పాలి. మీటరున్నర అలకు ఆరు సెకన్ల వ్యవధి ఉంటే అది దగ్గరి గాలి లేపిన కచ్చా అల, చికాకు పెడుతుంది, అంతే. అదే ఎత్తుకు 14 సెకన్లు ఉంటే అది దక్షిణ హిందూ మహాసముద్రంలో వారం కిందట పుట్టి రోజుకు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన ఉబ్బుఅల. గాలి లేని, ఎండ కాసే రోజున కూడా వస్తుంది. కొన్ని నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత వరసగా నాలుగైదు పెద్దవి లేస్తాయి. యారాడ రాళ్ల మీద ఫొటోలకు నిలబడేవాళ్లు, ఆర్కే బీచ్‌లో మోకాటి లోతులో ఉన్నవాళ్లు కొట్టుకుపోయే ప్రమాదం ఈ వరసలతోనే. చెప్పే అల ఎత్తు కూడా ఎక్కువ ఎత్తున్న మూడో వంతు అలల సగటు మాత్రమే, ఒంటరి అల దానికి రెట్టింపు దాకా రావచ్చు. విశాఖ దగ్గర అలలను కొలిచే ఇన్‌కాయిస్ బోయా (నీటి మీద తేలే పరికరం) ఉంది. ఆ మూడు అంకెలు, ఎత్తు, వ్యవధి, దిక్కు, బీచ్ బోర్డు మీదికి వస్తే చాలు. భీమిలిలో గోస్తని కలిసే చోట ఆటు సమయం కూడా కావాలి. నది నీరు బయటికి లాగుతుండగా ఎదురుగాలి వీస్తే అక్కడ అలలు నిటారుగా లేచి కయాక్‌ను తిరగేస్తాయి.

‘ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయిగా’ అంటారేమో. వాటి వెనక ఉన్నవి భూమిని గళ్లుగా విడగొట్టి వాతావరణం లెక్కగట్టే ప్రపంచ నమూనాలే, గళ్ల వెడల్పు 9 కి.మీ. నుంచి 25 కి.మీ. వరకు ఉంటుంది. అలాంటి ఒక్క గడిలో రుషికొండ, వెనక కొండలు, ముందు సముద్రం కలిసిపోతాయి. చల్లగాలి ఒడ్డెక్కే గీతను ఆ గడి పట్టుకోలేదు. 2025 మే నుంచి మన దేశం 6 కి.మీ. గళ్లతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ నడుపుతోంది, అది మెరుగే. అయినా డాల్ఫిన్స్ నోస్ చాటున ఉన్న యారాడకూ, తెరిపిన ఉన్న మంగమారిపేటకూ తేడా చెప్పగలిగేది ఈ తీరాన్ని ఏళ్లుగా చూసిన విశాఖ కేంద్రంలోని మనిషే.

అందుకు రుషికొండలో ఒక గాలి కొలిచే స్తంభం కావాలి. పది మీటర్ల ఎత్తు, సముద్రం వైపు ఇసుక అంచున. హోటల్ డాబా మీద పెట్టొద్దు. భవనం అంచు మీద గాలి వేగం పెరుగుతుంది, సుడి తిరుగుతుంది, ఆ అంకె ఎవరికీ పనికిరాదు. అడ్డంకి ఎత్తుకు పదింతల దూరం ఉండాలన్నది నియమం, 12 మీటర్ల భవనం ఉంటే 120 మీటర్ల దూరం. పది నిమిషాల సగటు, అందులో మూడు సెకన్ల గరిష్ఠ విసురు నమోదు కావాలి. గాలికి తిరిగే గిన్నెల పరికరం పెడితే ఉప్పుగాలికి బేరింగులు బిగుసుకుని అది తక్కువ చూపిస్తుంది. ఆగిపోతే తెలుస్తుంది, తక్కువ చూపిస్తే తెలియదు, అదే ప్రమాదం. ఏటా మార్చిలో బేరింగులు మార్చి సరిచూడాలి. తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ పరికరం ఖరీదు ఎక్కువైనా ఈ తీరానికి అదే మేలు, దాని మీద పక్షులు వాలకుండా ముళ్లు పెట్టించండి. లైఫ్‌గార్డు దగ్గర ఒక తెర, ఫోన్‌కు ఒక లంకె, అంతకు మించి ఆర్భాటం అక్కర్లేదు.

బులెటిన్ ఉదయం 5.30కు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి చాలు. ఏప్రిల్‌లో ఒక రోజుకు అది ఇలా ఉండొచ్చని మా ఊహ:

రుషికొండ. ఉదయం 5.30 నుంచి 10.30: గాలి వాయవ్యం నుంచి, సగటు 8 నాట్లు (15 కి.మీ.), విసురు 12 (22). సముద్రం లోపలికి తోసే గాలి. గాలి నింపిన బోర్డులు, ట్యూబులు వద్దు.
10.30 నుంచి 11.30: గాలి తిరుగుతుంది, మధ్యలో స్తబ్ధత.
11.30 నుంచి 5.00: దక్షిణ నైరుతి నుంచి, సగటు 14 (26), విసురు 19 (35). కుడిచేతి నుంచి తీరం వెంబడి. అనుభవం ఉన్నవారికి అనుకూలం. 5 తర్వాత పడిపోతుంది.
అలలు దక్షిణం నుంచి 1.1 మీ., 12 సెకన్లు. ప్రవాహం ఈశాన్యం వైపు.
ఉరుములు: 4 తర్వాత పడమటి నుంచి రావచ్చు.
నమ్మకం: దిక్కు మీద ఎక్కువ, తిరిగే సమయం మీద తక్కువ.

ఆఖరి వరస తీసేయొద్దు. గాలి పదిన్నరకు బదులు పన్నెండుకు తిరిగితే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. నమ్మకం తక్కువని ముందే తెలిస్తే ఒడ్డున ఆగుతాం.

పర్యాటక శాఖకు ప్రత్యేకంగా రెండు మాటలు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది, సమాచార బోర్డులు ఉన్నాయి. వాటి పక్కన మూడు చోట్ల గాలి దిక్కు చూపే నారింజ రంగు గాలిసంచులు పెట్టించండి. బ్రిటన్ తీరాల్లో లైఫ్‌గార్డులు నారింజ గాలిసంచి ఎగరేస్తే గాలి ఆఫ్‌షోర్, గాలి నింపిన వస్తువులతో దిగకూడదని అర్థం. చదవడం రాని పిల్లాడికి కూడా తెలుస్తుంది. బోర్డులు అద్దెకిచ్చే వారికి ఇచ్చే అనుమతిలో వేగం పరిమితితో పాటు దిక్కు పరిమితి రాయండి. ఆఫ్‌షోర్ గాలి 8 నాట్లు దాటితే, ఇంజిన్ పెట్టి సిద్ధంగా ఉన్న రక్షణ పడవ లేకుండా కొత్తవాళ్లకు ఏదీ అద్దెకివ్వకూడదు. మిగతా దిక్కుల్లో కొత్తవాళ్లకు 15 నాట్ల దాకా ఫర్వాలేదన్నది మా అంచనా.

అదే బోర్డు మీద ఆపదలో చేయాల్సింది పెద్ద అక్షరాల్లో రాయించండి. బోర్డు వదిలి ఈదొద్దు, మనిషి కన్నా బోర్డే దూరానికి కనిపిస్తుంది. విండ్‌సర్ఫర్ అయితే తెరచాప తాళ్లు వదులు చేసి, దాన్ని స్తంభం చుట్టూ చుట్టి, బోర్డు మీద పడుకుని చేతులతో తెడ్డు వేయాలి. గాలికి ఎదురు వెళ్లలేకపోతే బలం వృథా చేయకుండా తెరచాపను నీళ్లలోనే ఉంచాలి, అది లంగరులా కొట్టుకుపోవడాన్ని తగ్గిస్తుంది. రెండు చేతులూ పక్కలకు చాపి మెల్లగా పైకీ కిందికీ ఊపితే సాయం కావాలని అర్థం. ఒడ్డున చూసినవాళ్లు కోస్ట్ గార్డ్‌కు 1554, మెరైన్ పోలీసులకు 1093, లేదంటే 112కు ఫోన్ చేసి, మనిషి కనిపించిన దిక్కు, సమయం, గాలి ఎటు నుంచి వీస్తుందో చెప్పాలి. వెతికే పడవ బయల్దేరేది ఆ మూడో మాటను బట్టే.

స్తంభం వచ్చేదాకా ఆగక్కర్లేదు. గాలిసంచులు, ఉదయపు బులెటిన్ ఈ మార్చిలోపే మొదలుపెట్టొచ్చు. బీచ్‌లో చేతి పరికరంతో ఉదయం 6కూ, 11కూ, సాయంత్రం 4కూ గాలి కొలిచి, కొలిచిన ఎత్తూ చోటూ రాసి, విశాఖ కేంద్రానికి పంపే పని మేం చేస్తాం. చేతి ఎత్తులో గాలి పది మీటర్ల ఎత్తు కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ అంకెలను అలాగే వాడొద్దు. మీ అంచనాలో దిక్కు, గాలి తిరిగిన సమయం సరిపోయాయో లేదో చూసుకోవడానికి వాడండి. ఏ అధికారికి పంపాలో, ఏ నమూనాలో పంపాలో చెబితే చాలు.

ఇట్లు,
విశాఖ తీరంలో తెరచాప, తెడ్డు పట్టేవాళ్లం